సొరంగములోని ఇంజను

సండే స్కూలు ఉపాధ్యాయులకును తలిదండ్రులకును ఒక పాఠము

చదువవలసిన వేదభాగములు: న్యాయాధిపతులు 9:7–15, 2 కొరింథీయులకు 2:5–11, ఫిలేమోనుకు 8–20



ఈ నెల పాఠమునకు మేము ఒక రైలు కథను తీసికొనుచున్నాము. వేదపాఠము వ్రాయవలసిన చోట మాటలాడు ఇంజనుల కథ ఏల యని మీలో కొందరు అడుగవచ్చును. మా సంఘపెద్దలలో ఒకరు మమ్మును నిజముగానే అడిగిరి. "ఇంజనులు మాట్లాడుతాయా అయ్యగారూ? గుడిలో పిల్లలకు అబద్ధాలు నేర్పవచ్చునా?" అనిరి. మేము వారికి న్యాయాధిపతుల గ్రంథము 9వ అధ్యాయము తెరచి చూపితిమి. యోతాము గెరిజీము కొండమీద నిలిచి షెకెము వారికి చెట్ల కథ చెప్పెను. చెట్లు రాజును వెదకుకొన బోయి ఒలీవచెట్టును, అంజూరపుచెట్టును, ద్రాక్షావల్లిని అడిగెను. అవి ఒప్పుకొనకపోగా ముండ్లపొదను అడిగెను. చెట్లు మాటలాడవని చెప్పినవానికి తెలియును, విన్నవారికిని తెలియును. అయినను ఆ కథలో వారు తమ్మును తాము చూచుకొనవలసి యుండెను. పెద్దగారు ఆ భాగమును రెండుమారులు చదివి, "సరే, అయితే ఇంజను ఏమన్నదో చెప్పండి" అనిరి. మీకును అదే చెప్పబోవుచున్నాము.

1. కథ చెప్పిన గురువు

పట్టణములోనున్న మా బంధువుల ఇంట పిల్లలు టెలివిజనులో థామస్ అను నీలిరంగు చిన్న ఇంజను బొమ్మను చూచుచుండగా ఈ కథల సంగతి మాకు మొదట తెలిసెను. వాటిని మొదట చెప్పినవారు మనవంటి సంఘకాపరియేనని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యము కలిగెను. ఆయన పేరు విల్బర్ట్ ఆడ్రీ. ఆయన 1911లో ఇంగ్లండు దేశములో ఒక గ్రామ గురువు కుమారుడుగా పుట్టి, తానును ఆంగ్లికను సంఘములో గురువాయెను.

చిన్నతనములో ఆయన ఉన్న ఇల్లు బాక్స్ అను ఊరిలో రైలుదారికి దగ్గరగా నుండెను. అక్కడ దారి ఎత్తుగా నుండుటచేత బరువైన గూడ్సు బండి ఎక్కలేక ఆగిపోవుచుండెను. అప్పుడు వెనుకనుండి త్రోయుటకు మరియొక ఇంజను వచ్చెడిది. రాత్రివేళ పడకమీద నున్న బాలుడు ఆ రెండు ఇంజనుల ఆవిరి చప్పుడు విని, అవి మాటలాడుకొనుచున్నవని ఊహించుకొనెడివాడు. ముందున్నది తనవల్ల కాదని మూలుగుచున్నట్లును, వెనుకనున్నది ఎందుకు కాదు, అగును అని ధైర్యము చెప్పుచున్నట్లును ఆయనకు వినబడెను.

ఇట్లు వెనుకనుండి త్రోయు ఇంజనులు మన దేశములోను కలవు. ముంబయినుండి హైదరాబాదు వచ్చు దారిలో కర్జత్ దాటిన తరువాత లోణావళా వరకు ఘాటు ఎక్కవలసి యుండును. ఆ ఎత్తున బండ్లకు వెనుక వేరే ఇంజనులు కట్టి త్రోయించుట వాడుక. ముందున్న ఇంజను అందరి కంటబడును. వెనుక త్రోయుదానిని బండిలో కూర్చున్నవారిలో అనేకులు ఎరుగరు. సంఘములోను ఇట్టివారున్నారు గదా.

1943లో ఆడ్రీగారు బర్మింగ్‌హాము పట్టణములో సహాయ గురువుగా నుండిరి. అది యుద్ధకాలము. ఆయన యుద్ధమునకు సమ్మతింపని మనుష్యుడు. ఆ కారణముచేతనే అంతకుముందు ఒకచోట సంఘసేవను పోగొట్టుకొనెను. ఆ సంవత్సరములో మూడేండ్లు నిండని ఆయన కుమారుడు క్రిస్టొఫరుకు తట్టు సోకెను. మంచముమీద విసుగుచెందుచున్న బిడ్డకు తండ్రి ఇంజనుల కథలు చెప్పుటకు ఆరంభించెను. బిడ్డ అవే కథలను మరల మరల అడుగును. నిన్న చెప్పినట్లు నేడు చెప్పనియెడల ఒప్పుకొనడు. అందుచేత తండ్రి వాటిని కాగితముమీద వ్రాసికొనవలసి వచ్చెను. ఆయన భార్య మార్గరెట్టుగారు వీటిని అచ్చు వేయింపుమని పట్టుపట్టగా, 1945లో 'మూడు రైలు ఇంజనులు' అను చిన్న పుస్తకము వెలువడెను. మరుసటి సంవత్సరము థామస్ కథలు వచ్చెను. 1972 వరకు ఆడ్రీగారు 26 పుస్తకములు వ్రాసిరి. తరువాత 1983 మొదలుకొని ఆ కుమారుడే వాటిని కొనసాగించెను. టెలివిజనులో ఈ కథలు 1984లో మొదలాయెను. ఆడ్రీగారు 1997లో 85 ఏండ్ల వయసున ప్రభువునందు నిద్రించిరి.

తలిదండ్రులారా, ఈ సంగతి గుర్తుంచుకొనుడి. లోకమంతట పిల్లలు ఎరిగిన ఈ కథలు గొప్ప ఆలోచనచేత పుట్టలేదు. జబ్బుపడిన బిడ్డ ప్రక్కను తండ్రి కూర్చుండెను, అడిగినప్పుడెల్ల మరల చెప్పెను. అంతే.

2. మూడు కథలు, ఒక గోడ

మొదటి పుస్తకములో నాలుగు కథలు కలవు. వాటిని మా మాటలలో క్లుప్తముగా చెప్పెదము.

ఎడ్వర్డ్ చిన్న ఇంజను. షెడ్డులోని పెద్ద ఇంజనులు అతనిని తక్కువగా చూచుచుండెను. చాలకాలము అతనిని ఎవరును బయటికి తీయలేదు. ఒకనాడు డ్రైవరు అతని దుఃఖము చూచి, వచ్చెదవా యని పిలిచి పని ఇచ్చెను. అతడు ఆనందముతో దినమంతయు పని చేసెను. ఇది మొదటి కథ.

గోర్డన్ బలమైన పెద్ద ఇంజను, గర్వి. ఒకనాడు అతనికి గూడ్సు బండి లాగవలసి వచ్చెను. అది తనకు తగని పని యని అలిగి, మెట్ట ఎక్కలేక నడుమ ఆగిపోయెను. తాను తక్కువగా చూచిన ఎడ్వర్డ్ వచ్చి వెనుకనుండి శక్తికొలది త్రోసి మెట్ట ఎక్కించెను. గోర్డన్ అవతలివైపు దిగి పరుగెత్తి పోయెనేగాని వందనమని చెప్పుట మరచెను. ఇది రెండవది.

హెన్రీకి తన రంగుమీద మక్కువ ఎక్కువ. వాన కురిసినయెడల చక్కని ఆకుపచ్చ రంగు చెడిపోవునని భయపడి, ఒక సొరంగములో ఆగి బయటికి రానని మొండికెత్తెను. లావుపాటి డైరెక్టరుగారు వచ్చి చెప్పిరి. బండిలోనివారు దిగి త్రాళ్లతో లాగిరి, త్రోసిరి. హెన్రీ కదలలేదు. చివరకు, నీవు అక్కడనే ఉండుమని చెప్పి, సొరంగము ఎదుట ఇటుకలతో గోడ కట్టించిరి. ఇతర ఇంజనులు ప్రక్కదారిని పోవుచుండగా చూచుచు హెన్రీ ఒంటరిగా నిలిచియుండెను. అతనికి పట్టిన మసికిని మురికికిని రంగు చెడనే చెడెను. ఇది మూడవది. ఈ శిక్ష అతనికి తగినది కాదా అను ప్రశ్నతో ఆ కథ ముగియును.

ఇక్కడ ఒక విశేషము కలదు. ఆడ్రీగారు మొదట హెన్రీని బయటికి తీయదలచలేదు. కథ గోడతోనే ముగిసెను. అయితే పుస్తకము అచ్చువేయ బూనినవారు, ఈ ముగ్గురును మరల కలిసికొని హెన్రీ విడిపింపబడునట్లు నాలుగవ కథ ఒకటి కావలెనని కోరిరి. అందుచేత ఆయన దానిని వ్రాసెను. మూడవ కథ దగ్గర ఆగిపోవుట గురువులకు సులభమని మేము దీనివలన తెలిసికొంటిమి. ఎట్లు తెలిసికొంటిమో చెప్పెదము. అది మాకు గౌరవము తెచ్చు సంగతి కాదు.

3. మా సండే స్కూలులో జరిగినది

గత సంవత్సరము వర్షకాలములో మా సండే స్కూలులో ఒక బాలుడు, పదేండ్లవాడు, కానుక సంచిలోనుండి 20 రూపాయలు తీసికొనెను. ఒక ఉపాధ్యాయురాలు చూచి మాతో చెప్పెను. మేము వానిని అందరి ముందర నిలువబెట్టి, "మీ నాన్న వచ్చి సంఘము ముందు ఒప్పుకొనేవరకు ఇక్కడికి రావద్దు" అని చెప్పి పంపివేసితిమి. వాని తండ్రి కట్టడపు పనికి హైదరాబాదు పోయియుండెను. క్రిస్మసుకు తప్ప రాడు. ఈ సంగతి మాకు తెలియక కాదు. కోపములో తలంచలేదు. కోపము పోయిన తరువాత మరచితిమి. నాలుగు నెలలు గడచెను. ఆదివారములలో ఆ బాలుడు నానమ్మ మేకలను తోలుకొని వచ్చి, మందిరపు ప్రహరీ అవతల నిలిచి పాటలు వినుచుండెను. మేము చూచుచునే యుంటిమి. వానికి బుద్ధి వచ్చుచున్నదని అనుకొంటిమి.

ఆ దినములలోనే పిల్లలకు ఈ ఇంజనుల కథలు చెప్పుట మొదలుపెట్టితిమి. ఆవిరి ఇంజను పొగ మా పిల్లలు ఎరుగరు. మా ఊరి ప్రక్కను పోవునవన్నియు విద్యుత్ ఇంజనులే. అయినను పలకమీద బొమ్మ గీసి, నోటితో చప్పుడు చేసి చెప్పగా వారు బాగుగా వినిరి. మూడు ఆదివారములకు మూడు కథలు. నాలుగవ ఆదివారము కోతపండుగ పాటలు నేర్పవలసి యుండెను గనుక నాలుగవ కథను విడిచిపెట్టదలచితిమి. గర్వమునకు శిక్ష కలుగునను పాఠము చాలునని తోచెను.

మూడవ ఆదివారము గోడ కట్టుటతో కథ ముగించి, ప్రార్థనకు కన్నులు మూయుడని చెప్పితిమి. ముందు వరుసలోనున్న ఒక చిన్నపిల్ల కన్నులు మూయలేదు. "అయ్యగారూ, హెన్రీని ఎప్పుడు బయటికి తీస్తారు?" అని అడిగెను.

"తప్పు చేసినాడు గదమ్మా" అంటిమి.

"చేసినాడు. అయితే ఎప్పుడు తీస్తారు?" అని మరల అడిగెను.

మేము ఏమి చెప్పుదుమా యని చూచుచుండగా వెనుక వరుసలోని ఒక బాలుడు లేచి నిలిచెను. "అయ్యగారూ, మేము కూడా ఆ బిస్కట్లు తిన్నాం" అనెను.

మొదట మాకు అర్థము కాలేదు. తరువాత తెలిసెను. ఆ 20 రూపాయలతో ఆ బాలుడు బిస్కట్లు కొని మరి నలుగురికి పంచిపెట్టెను. ఆ నలుగురును నాలుగు నెలలనుండి మా యెదుట చాపమీద కూర్చుండి కంఠత వచనములు చెప్పుచుండిరి. ఒకడు మాత్రము గోడ అవతల నిలిచియుండెను. తన పేరు తప్ప మరి యెవరి పేరును వాడు మాతో చెప్పలేదు.

ఆ సాయంకాలము మేము వాని యింటికి పోయితిమి. నానమ్మ మంచము వాల్చి, "కూర్చోండయ్యా" అనెను. మేము వచ్చిన పని చెప్పగా ఆమె, "పిలిస్తే వచ్చేవాడే గదయ్యా. ఎవరూ పిలవలేదు" అని మాత్రము అనెను. ఆమె మమ్మును నిందించలేదు. నిందించినయెడల మాకు సులభముగా నుండెడిది. బాలుడు మేకల వెనుక నిలిచి మా దగ్గరకు రాలేదు. "నీవు చేసినది తప్పే. అయితే నిన్ను పంపివేసి మరల పిలువకపోవుట మా తప్పు. రా, నాయనా" అని చెప్పి వచ్చితిమి.

మరుసటి ఆదివారము వాడు లోపలికి రాలేదు. ఆ దినమున పాటలు ఆపి నాలుగవ కథ చెప్పితిమి. దాని తరువాతి ఆదివారము వాడు గడపవరకు వచ్చి నిలిచెను. బిస్కట్లు తిన్నవారు చాపమీద జరిగి చోటు చేసిరి. వాడు కూర్చుండెను. కొన్నాళ్లకు ఆ అయిదుగురును తలా 4 రూపాయలు తెచ్చి కానుక సంచిలో వేసిరి. అట్లు చేయుమని మేము చెప్పలేదు.

4. నాలుగవ కథ

గోర్డన్ ఎక్స్‌ప్రెస్ బండిని లాగుచు హెన్రీ ఉన్న సొరంగము దగ్గరకు వచ్చుచుండెను. అతనిని చూచి ఎగతాళి చేయవలెనని తలంచుచుండగానే సేఫ్టీ వాల్వు పగిలి ఆవిరి పోయి నిలిచిపోయెను. ఎడ్వర్డ్ వచ్చి ప్రయత్నించెను గాని బండి బరువునకు చాలలేదు. అప్పుడు డైరెక్టరుగారు గోడవైపు చూచి, సహాయము చేసెదవా యని హెన్రీని అడిగిరి. హెన్రీ వెంటనే ఒప్పుకొనెను. గోడ పడగొట్టిరి. మసితోను బూజుతోను నున్న హెన్రీ బయటికి వచ్చి, ఎడ్వర్డ్‌తో కూడ బండిని గమ్యము చేర్చెను. తిరిగి వచ్చునప్పుడు వారిద్దరును గోర్డన్‌ను విడిచిపెట్టక ఇంటికి తెచ్చిరి. అప్పటినుండి ముగ్గురును స్నేహితులైరి.

ఎగతాళి చేయబోయినవానికి ఎగతాళి పొందవలసినవాడే సహాయుడాయెను. మూయబడినవానికి పని దొరికెను. వెనుకనుండి త్రోసిన చిన్నవాడు ఈసారి ముందు నిలిచెను. పిల్లలకు స్నేహమనగా ఏమో ఇంతకంటె తేటగా చెప్పుట కష్టము.

5. వేదము నేర్పు సంగతి

కొరింథు సంఘములో ఒకనికి శిక్ష విధింపబడెను. పౌలు వారికి వ్రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయములో, ఎక్కువమంది విధించిన ఆ శిక్ష చాలునని చెప్పి, ఇప్పుడు అతనిని క్షమించి ఆదరింపవలెనని బోధించుచున్నాడు. ఏలయనగా, అట్లు చేయనియెడల అతడు అధిక దుఃఖములో మునిగిపోవును. సాతాను ఆ సందు చూచుకొనును. శిక్ష తప్పని పౌలు చెప్పలేదు. చాలు అని చెప్పెను. మేము మరచినది ఆ ఒక్కమాటయే.

ఫిలేమోను పత్రికను చూడుడి. ఒనేసిము యజమానుని విడిచి పారిపోయినవాడు. అతని పేరునకు ప్రయోజనకరుడని అర్థము. ఒకప్పుడు నిష్ప్రయోజనుడుగా నున్నవాడు ఇప్పుడు నీకును నాకును ప్రయోజనకరుడాయెనని పౌలు వ్రాయుచున్నాడు. ఆడ్రీగారి కథలలోను ఇంజను పొందగల గొప్ప మెప్పు ఏదనగా, నిజముగా పనికివచ్చు ఇంజను అనిపించుకొనుట. ఆయన ఫిలేమోను పత్రికను తలంచి వ్రాసిరని మేము చెప్పము. ఆ మాట మాత్రము మన పిల్లలు నేర్వదగినదే.

అయితే, ప్రియులారా, ఇక్కడ కథకును సువార్తకును ఒక భేదము కలదు. దానిని దాచరాదు. హెన్రీ అవసరము పడినందున గోడ పడగొట్టబడెను. గోర్డన్ వాల్వు పగలకుండినయెడల హెన్రీ ఎంతకాలము అక్కడ నుండెడివాడో! మన ప్రభువు అట్లు చేయలేదు. మనవలన ఏ ప్రయోజనమును లేనప్పుడే ఆయన మనలను వెదకి వచ్చెను. పౌలు కూడ ఒనేసిమును పనివాడుగా మాత్రమే చేర్చుకొమ్మని అడుగలేదు, ప్రియ సహోదరుడుగా చేర్చుకొమ్మనెను. అతడు ఏమైన అచ్చియున్నయెడల అది తన లెక్కలో వేయుమనెను. బిడ్డలను పనికివచ్చువారుగా పెంచుట మంచిది. పనికివచ్చినప్పుడే వారికి మన యింటను చోటు, గుడిలోను చోటు అని నేర్పుట మంచిది కాదు.

6. చేయవలసిన పనులు

మా తప్పువలన నేర్చిన మూడు సంగతులు ఉపాధ్యాయులకును పెద్దలకును చెప్పుచున్నాము.

మొదటిది: బిడ్డను దండించినయెడల, ఏ దినమున మరల పిలిచెదమో ఆ దినమే నిశ్చయించుకొనుడి. హాజరు పుస్తకములో వ్రాసికొనుడి. ప్రభురాత్రి భోజనమునుండి ఆపబడిన పెద్దల విషయములోను సంఘము ఇట్లే చేయవలెను. మా సంఘపు పాత పుస్తకములో ఆపబడినవారి పేర్లు కలవు. మరల చేర్చుకొన్న తేదీ అందరికి లేదు. ఇప్పుడు మేము ఆ యిండ్లకు ఒకటొకటిగా పోవుచున్నాము.

రెండవది: తప్పు చేసినవాడు తనంతట తానే రావలెనని కూర్చుండవద్దు. పిలువబోవుట పిలువవలసినవారి పని. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి దూరముననే చూచి పరుగెత్తెను.

మూడవది: మిగిలిన పిల్లలకు చోటు చేయుట నేర్పుడి. మేము నాలుగు నెలలు చేయలేని పనిని చాపమీద కొంచెము జరిగి వారు చేసిరి.

కుటుంబ ప్రార్థనలో అడుగదగిన ప్రశ్నలు

గోర్డన్ ఎడ్వర్డ్‌కు వందనము చెప్పుట మరచెను. ఈ వారములో మనకు సహాయము చేసినవారిలో ఎవరికి మనము చెప్పలేదు?

యోతాము చెట్ల కథ ఏల చెప్పెను?

మన వీధిలో, మన బడిలో, ఆటలో చేర్చుకొనబడక గోడ అవతల నిలిచినవారు ఎవరు? వారిని పిలుచుటకు ఎవరు పోవుదురు?

ప్రార్థన

తండ్రీ, మేము కట్టిన గోడలను మాకు చూపుము. కోపములో పంపివేసి మరచినవారి పేర్లు మాకు జ్ఞాపకము చేయుము. వారి యిండ్లకు పోవుటకు సిగ్గుపడకుండ మాకు సహాయము చేయుము. మా పిల్లలు ఒకరినొకరు త్రోసివేయువారు కాక, ఎత్తు ఎక్కలేనివానిని వెనుకనుండి త్రోసి ఎక్కించువారుగా పెరుగునట్లు దీవించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.